టైరు ఎక్కడైనా టైరేనా?

మొన్న ఉగాదినాటి సాయంత్రం ఒక మిత్రుల ఇంట విందులో నా కారు టైర్ల ప్రస్తావన వచ్చింది. కిందటి శరత్తులో మా మిషిగన్ రోడ్ల గుంటల్లో ఒకటి కుడివైపు రెండు టైర్ల సైడ్‌వాళ్ళనూ కోసేసింది. ఎడమవైపువి సగానికి పైగా అరిగి ఉన్నాయి. నాలుగూ మార్చాలి, ఎక్కడ కొనాలా, ఎవరిచేత వేయించాలా అని ఆలోచిస్తున్నాను అన్నాను. అంతే, ఒక మిత్రుడు అందుకున్నాడు. "దీనికింత ఆలోచనేమిటయ్యా? టైరు ఎక్కడైనా టైరే. నెట్‌లో ఎవడు చవగ్గా ఇస్తే వాడి దగ్గర కొను. దగ్గర్లో ఎవడు తక్కువకు ఎక్కిస్తే వాడి దగ్గరకు పో." చుట్టూ ఉన్నవారు తలలూపారు. చేతిలో పులిహోర పళ్ళెం ఉన్నందువల్లా, ఆ ఇంటి ఇల్లాలి మీది గౌరవం వల్లా నేను వాదానికి దిగలేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట చెవిలో జోరీగలాగా తిరుగుతూనే ఉంది. అప్పుడు చెప్పని జవాబు ఇక్కడ చెబుతున్నాను.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. 2023 మే నెల దాకా ఆ మాట నాదే. అచ్చంగా అవే ముక్కలు, బహుశా అదే చేతి విసురుతో, నేను నలుగురికీ చెప్పినవాణ్ణి. కనుక ఈ రాతలో ఎక్కడైనా కోపం శ్రుతి మించితే అందులో సగం నా మీదే అనుకోండి.

నాది మజ్దా మియాటా. 1989లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన ఈ బండి నాలుగో తరం, 2016 మోడలు. ఇద్దరే పడతారు. డిక్కీలో రెండు కూరగాయల సంచులు పెడితే మూడోది ఒడిలో పెట్టుకోవాలి. దీన్ని కొన్ననాడు మనవాళ్ళు "ఇది కారా, బొమ్మా?" అని అడిగారు. అడగనివ్వండి. బరువు వెయ్యి కిలోలకు కాస్త ఎక్కువ, వెనుక చక్రాలకు శక్తి, చేత్తో గేర్లు. మలుపులో ఇది పలికే తీరు తెలిసినవాడికి చెప్పనక్కర లేదు, తెలియనివాడికి చెప్పినా ప్రయోజనం లేదు. టైరు కొలత 205/45 ఆర్ 17, వేగపు తరగతి డబ్ల్యూ. అంటే గంటకు 270 కిలోమీటర్ల దాకా తట్టుకోగలదని అర్థం. నేను అంత వేగంతో పోతానని కాదు. ఆ తరగతి టైరు లోపలి అల్లిక, పక్కల బిరుసు అన్నీ ఆ లెక్కమీదే కట్టి ఉంటాయి. హెచ్ తరగతి టైరు, అంటే 210 దాకా తట్టుకునేది, కాస్త చవగ్గా దొరుకుతుంది. నల్లగానే ఉంటుంది, గుండ్రంగానే ఉంటుంది. "టైరు ఎక్కడైనా టైరే" అనేవారి కంటికి రెండూ ఒకటే.

ఇలాంటి కార్లకున్న ఇంకొక చిక్కు చాలామందికి తట్టదు. ఇవి ఎక్కువ తిరగవు. నవంబరులో ఉప్పు చల్లడం మొదలుపెట్టగానే నాది గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది, మళ్ళీ ఏప్రిల్ చివరికి లేస్తుంది. గాడులు అరగవు, కాబట్టి టైరు కొత్తదే అనిపిస్తుంది. కానీ రబ్బరుకు వయసు మైళ్ళతో రాదు, ఏళ్ళతో వస్తుంది. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు అది పుట్టిన వారమూ సంవత్సరమూ. 1816 అంటే 2016లో పద్దెనిమిదో వారం. 2000 నుంచి ఈ పద్ధతి ఉంది. పూర్తి వరుస ఒక పక్కనే ఉండవచ్చు, కనుక కనబడకపోతే కారు కిందికి దూరి రెండో పక్కా చూడాలి. 2013 నవంబరులో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అతడు ఎక్కిన పోర్షే కరేరా జీటీ టైర్లు సుమారు తొమ్మిదేళ్ళ పాతవని దర్యాప్తులో తేలింది. ప్రమాదానికి కారణం మితిమీరిన వేగమే అన్నారు. టైర్ల వయసు కూడా కారు నడవడిని మార్చి ఉండవచ్చని అన్నారు. అంత ఖరీదైన కారు! టైర్ల పుట్టిన తేదీ చూసినవారు లేకపోయారు.

సరే, నా కథకు వస్తాను. 2023 వసంతంలో నా కారుకు పుట్టుకతో వచ్చిన బ్రిడ్జిస్టోన్ టైర్లకు ఏడేళ్ళు నిండాయి. మార్చవలసిందే. నాలుగు రాత్రులు కూర్చుని జాలంలో ధరలు పోల్చాను. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, పట్టికలు గీయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. ఎక్కడ ఎంత, రవాణాకెంత, తిరిగి వచ్చే కూపను ఎంత, అన్నీ గళ్ళలో పెట్టాను. టైర్లు ఇంటికి వచ్చాయి. వచ్చాక తెలిసింది, ఈ కారు తన నాలుగు టైర్లను తానే మోసుకుపోలేదని. మా ఆవిడ వ్యానులో టైర్లు, వెనుక నేను మియాటాలో, ఊరేగింపులాగా బయల్దేరాం.

టైర్లు ఎక్కించడానికి రెండు చోట్ల ధర అడిగాను. ఒకచోట చక్రానికి 30 డాలర్లు. ఇంకొకచోట 18. పట్టికలో ఈ గడి నింపడానికి నాకు పట్టిన సమయం నాలుగు నిమిషాలు. టైరు ఎంపికకు నాలుగు రాత్రులు, దాన్ని బిగించే చేతి ఎంపికకు నాలుగు నిమిషాలు. చక్రానికి 12 చొప్పున 48 డాలర్లు మిగిలాయని మా ఆవిడకు చెప్పుకున్నాను కూడా.

పని నలభై నిమిషాల్లో అయిపోయింది. ఎంత చురుకైన కుర్రాళ్ళో అనుకున్నాను.

రెండు రోజుల తరువాత ఆదివారం. పద్నాలుగేళ్ళ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, పైకప్పు తీసి, ఐ-96 మీద కెన్సింగ్టన్ పార్కుకు బయల్దేరాను. విక్సమ్ దాటాక సీటు కింద సన్నని వణుకు మొదలైంది. టైర్లు సరిగా బ్యాలెన్సు చేయలేదు కాబోలు, రేపు తీసుకెళ్ళి అడుగుదాం అనుకున్నాను. ఇంకో రెండు మైళ్ళకు, "నాన్నా, వెనకాల ఏదో టకటకమంటోంది" అన్నది అమ్మాయి. పైకప్పు మూసి ఉంటే నాకు వినబడేది కాదేమో. వేగం తగ్గించి, కుడివైపుకు జరిగి, కెంట్ లేక్ రోడ్డు దగ్గర దిగి, పార్కులో మొదట కనబడిన ఖాళీ స్థలంలో ఆపాను.

ఎడమవైపు వెనుక చక్రం. ఈ కారు చక్రానికి నట్లు నాలుగే. వాటిలో ఒకటి లేదు. రెండు నా వేళ్ళతో తిరిగాయి. ఒకే ఒక్కటి కాస్త ఎదురు తిరిగింది. ఈ కారుకు స్టెప్నీ ఇవ్వరు, జాకీ ఇవ్వరు, ఒక గాలి పంపూ జిగురు డబ్బా ఇస్తారంతే. పక్కన పడవ దించుకుంటున్న ఒక పెద్దాయన తన ట్రక్కులోంచి స్పానరు తెచ్చి మిగిలిన మూడూ బిగించి, "దీన్ని నడపకు" అన్నాడు. టో ట్రక్కు వచ్చేదాకా నేనూ మా అమ్మాయీ గడ్డిలో కూర్చున్నాం. ఆ పిల్ల చెరువులో బాతుల్ని లెక్కపెడుతోంది. నేను గంటకు డెబ్భై మైళ్ళ వేగంలో ఎడమ వరుసలో ఉన్నప్పుడు ఆ మూడూ ఊడి ఉంటే ఏమయ్యేదో లెక్కపెడుతున్నాను.

ఇక్కడిదాకా ఇది ఒక కుర్రవాడి పొరపాటు. పొరపాట్లు జరుగుతాయి, నేను రాసిన ప్రోగ్రాముల్లో జరగలేదా? నా తగవు దాని తరువాత జరిగిన దాని మీద.

ఎక్కించిన దుకాణానికి ఫోను చేశాను. యాభై మైళ్ళు నడిపాక వచ్చి నట్లు మళ్ళీ బిగింపించుకోమని రసీదు వెనుక అచ్చువేశాం కదా అన్నారు. నేను నడిపింది ముప్ఫై ఒక్క మైళ్ళు అన్నాను. అయితే టైర్లు మా దగ్గర కొనలేదు గదా, మా దగ్గర కొన్నవాటికే మా హామీ అన్నారు. అమ్మినవారికి ఫోను చేశాను. మర్యాదగా విన్నారు. టైరులో లోపం ఉంటే చెప్పండి, బిగింపు మాకు సంబంధించినది కాదు అన్నారు. ఇద్దరి మాటా చట్టం ప్రకారం సరిగానే ఉండి ఉంటుంది. కానీ నా చక్రం ఆ ఇద్దరి మధ్యన ఎవరిదీ కాకుండా పోయింది. "ఎక్కడో కొను, ఎక్కడో ఎక్కించు" అనే సలహాలో దాగి ఉన్న అసలు సంగతి ఇదే: ఆ ఎక్కడోకీ ఈ ఎక్కడోకీ నడుమ ఒక సందు ఉంది. అందులో పడేది మనం.

ఇంతకీ నట్టు బిగించడంలో అంత విద్య ఏముంది అంటారా? ఉంది. నట్టు బిగించినప్పుడు లోపలి స్టడ్డు ఇసుమంత సాగుతుంది, స్ప్రింగులాగా. అది వెనక్కు ముడుచుకోవాలని లాగే బలమే చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టుకుంటుంది. కారు బరువునూ, మలుపు తోపునూ మోసేది నట్టు కాదు, ఆ అదుముడు వల్ల చక్రానికీ హబ్బుకూ మధ్య పుట్టే రాపిడి. తక్కువ బిగిస్తే అదుముడు చాలక చక్రం సన్నసన్నగా కదులుతూ నట్లను తానే వదులు చేసుకుంటుంది. గాలి గన్నుతో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే స్టడ్డు సాగవలసినదానికంటే సాగి, ఇక ముడుచుకునే గుణమే పోతుంది. హబ్బు ముఖం మీద తుప్పు ఉండగా, మా ఊరి ఉప్పుకు అది తప్పదు గదా, బ్రష్షుతో గీకకుండా చక్రం తొడిగితే, ఆ తుప్పు నలిగి రాలిన కొద్దీ బిగింపు సడలుతుంది. అందుకే తుప్పు గీకాలి, చేత్తో నట్లు పట్టించాలి, ఎదురెదురుగా వరుస మార్చి బిగించాలి, చివరికి టార్క్ రెంచితో ఆ కారు పుస్తకంలో రాసిన లెక్కకు తేవాలి, కొన్ని మైళ్ళు తిరిగాక మళ్ళీ చూడాలి. ఇవన్నీ చేయడానికి నలభై నిమిషాలు చాలవు. చక్రానికి 18 డాలర్లూ చాలవు. ఆ కుర్రాణ్ణి గంటకు ఇన్ని కార్లని తరిమినవారిలో నేనూ ఒకణ్ణి.

కథ అక్కడితో అయిపోలేదు. రెండో దుకాణానికి, అంటే మొదట నేను కాదన్న 30 డాలర్ల దుకాణానికే, కారును మోయించాను. అది గ్రాండ్ రివర్ అవెన్యూ మీద ఇద్దరు అన్నదమ్ములు నడిపే చిన్న చోటు. వారు చూసి చెప్పినవి: ఊడిన చక్రం బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి, చక్రం పనికిరాదు. నాలుగు స్టడ్లు మార్చాలి. ముందు కుడి టైరు తిరగేసి ఎక్కించారు. ఈ రకం టైర్లలో లోపలి సగం గాడులు వేరు, బయటి సగం వేరు. బయటికి ఉండవలసిన పక్క మీద ఆ మాట పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. ఆ అక్షరాలు లోపలికి పోయాయి, నాకు కనబడలేదు, ఎక్కించినవాడు చూడలేదు. 29 పౌండ్లు ఉండవలసిన గాలి నాలుగింట్లోనూ 38. కారును ఎత్తేటప్పుడు జాకీ పెట్టవలసిన చోట కాక పక్కన పెట్టడంతో అంచు రేకు మడతపడింది. మొత్తం బిల్లు నాలుగు వందలు దాటింది. నా 48 డాలర్ల లాభాన్ని పట్టికలో ఏ గడిలో వేయాలో ఇప్పటికీ తెలియలేదు.

ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడు చేసిన ఒక పని నన్ను ఆలోచనలో పడేసింది. "పాత టైర్లు ఉన్నాయా?" అని అడిగాడు. అదృష్టవశాత్తూ గ్యారేజీలో ఉన్నాయి, తీసుకెళ్ళి చూపించాను. వేలితో అంచులు తడిమి, వెనుకవాటి లోపలి అంచు ఎక్కువ అరిగింది, అలైన్‌మెంటు తప్పింది, అది సరిచేయకపోతే ఈ కొత్తవీ అలాగే పోతాయి అన్నాడు. పాత టైరు ఒక వైద్యుడి చీటీ వంటిది. కారు ఏమి బాధపడుతోందో దాని మీద రాసి ఉంటుంది. నెట్‌లో టైరు అమ్మేవాడికి అది చదివే వీలు లేదు. 18 డాలర్ల వాడికి తీరిక లేదు. నాకు చదవడం రాదు. ముగ్గురమూ కలిసి ఆ చీటీని చూడకుండా మందు మింగించబోయాం.

ఇదంతా విని, అయితే నెట్‌లో కొనవద్దంటావా అని మీరు అడగవచ్చు. అనను. మా మిత్రుడి వాదంలో సగం నిజమే. ఇలాంటి కొలతలు మామూలు దుకాణాల అరల్లో ఉండవు, ఉంటే ఏళ్ళ తరబడి ముక్కుతూ ఉంటాయి. జాలంలో అమ్మకం వేగంగా జరుగుతుంది కనుక తాజా సరుకు వచ్చే అవకాశం ఎక్కువ. 1979లో మొదలైన టైర్ ర్యాక్ వంటి సంస్థ తానే టైర్లను పరీక్షించి, తడి రోడ్డు మీద ఏది ఎంత దూరంలో ఆగిందో వివరంగా రాస్తుంది. అంత సమాచారం ఏ దుకాణం బల్ల దగ్గరా దొరకదు. పెద్ద గిడ్డంగి దుకాణాల వాళ్ళు నియమాల్లో గట్టివాళ్ళు, కానీ స్పోర్ట్స్ కార్ల రకాలు వారి దగ్గర తక్కువ. ఇక కారు డీలరు. అక్కడ మనం కట్టేది సోఫాకూ, కాఫీకీ, గోడమీది పెద్ద టీవీకీ. తలుపు వెనుక చక్రం విప్పే కుర్రవాడు ఎవరో, నిన్న చేరాడో పదేళ్ళుగా ఉన్నాడో ఎవరూ చెప్పరు.

కాబట్టి నా వాదం టైరు ఎక్కడ కొనాలి అన్నదాని మీద కాదు. వరుస తప్పుతున్నాం అంటున్నాను. మనం ముందు ధర చూస్తాం, తరువాత టైరు, చివర మిగిలిన చిల్లరతో చేయి. ముందు చేతిని వెతకాలి. ఆ చేతినే అడగాలి, ఏ టైరు, ఎక్కడిది, నేను తెప్పిస్తే నువ్వు ఎక్కించి పూచీ పడతావా అని. టైర్లను మన ఇంటికి కాక తిన్నగా అతని దుకాణానికే పంపించే వీలు చాలామంది అమ్మకందార్ల దగ్గర ఉంది. అప్పుడు పెట్టె విప్పేది అతను, తేదీ చూసేది అతను, తేడా ఉంటే ఎక్కించకముందే వెనక్కు పంపేదీ అతనే. సందు మూసుకుపోతుంది.

టైర్ల నమోదు సంగతీ ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అదీ ఆ సందులోనే పడిపోతుంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచిన సంగతి పాతకాపులకు జ్ఞాపకం ఉంటుంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తాపడి ఎందరో చనిపోయాక జరిగిన పని అది. అలా వెనక్కు పిలిచినప్పుడు ఆ కబురు మనకు అందాలంటే టైరు మన పేర నమోదై ఉండాలి. అమ్మినవాడు నమోదు కాగితం ఇవ్వాలి, లేదా తానే నమోదు చేయాలి, అది ఇక్కడి చట్టం. అమ్మినవాడొకడు, ఎక్కించినవాడొకడు అయినప్పుడు ఇద్దరిలో ఎవరు చేశారని మనలో ఎందరం అడిగాం? 2023లో నేను అడగలేదు.

ఇప్పుడు అసలు కోపానికి వస్తాను. ఈ "ఎవడో ఒకడు ఎక్కిస్తాడు" అనే మాట వినగానే నాకు గుచ్చుకునేది ఆ "ఎవడో ఒకడు". మనం గంటకు ఇంత అని లెక్కగట్టి పుచ్చుకునేవాళ్ళం. మన గంటకు ఒక డాలరు తగ్గిస్తే మొహం మాడ్చుకునేవాళ్ళం. మన రెజ్యూమేలో పదేళ్ళ అనుభవం అని ముద్ద అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. చక్రం బిగించేవాడి దగ్గరికి వచ్చేసరికి అనుభవం, శిక్షణ, ఓర్పు, ఏదీ వెలకట్టదగినది కాకుండా పోతుంది. చేత్తో చేసేది పని కాదు, అది సరుకు వెంట ఉచితంగా రావలసిన కొసరు. ముప్ఫై వేల డాలర్లు పెట్టి స్పోర్ట్స్ కారు కొన్నవాణ్ణి, చక్రానికి పన్నెండు డాలర్ల దగ్గర నా ప్రాణం గిలగిలలాడిందంటే అది పొదుపు కాదు. చేతిపనిని చిన్నచూపు చూడడం. అది మనతోపాటు విమానమెక్కి వచ్చింది.

నిజానికి రావలసిన అవసరం లేదు. మా బాబాయికి విజయవాడలో ఒక లారీ ఉండేది. సెలవుల్లో ఆయనతో ఆటోనగర్‌కు వెళ్ళేవాణ్ణి. అక్కడ టైర్ల పని చేసే సాయిబు గారు ఒకాయన ఉండేవారు. నట్లు బిగించాక ఒక్కొక్కదాని మీద చిన్న సుత్తితో తట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేవారు. చప్పుడు ఖంగుమంటే సరే. మొద్దుగా వస్తే మళ్ళీ స్పానరు. అయ్యాక నట్టు మీదా చక్రం మీదా కలిసేలా ఎర్ర రంగుతో గీత గీసేవారు. దారిలో ఎక్కడ ఆగినా క్లీనరు దిగి ఆ గీతలు చూడాలి, గీత విరిగితే నట్టు కదిలినట్టు. బాబాయి రూపాయి రూపాయికీ గీచి గీచి బేరమాడే మనిషి, డీజిలు దగ్గర, బస్తాల దగ్గర, ఆఖరికి టీ దగ్గర కూడా. సాయిబు గారి దగ్గర మాత్రం నోరు మెదిపేవాడు కాదు. ఎందుకు బాబాయ్ అని ఒకసారి అడిగితే, "ఒరే, ఆయన చేతిలో నా లారీ లేదురా, డ్రైవరు పెళ్ళాం పిల్లలున్నారు" అన్నాడు. ఆటోనగర్‌లో అందరూ సత్యహరిశ్చంద్రులని నేననడం లేదు. అరిగిన టైరుకు గాడులు మళ్ళీ చెక్కి అమ్మేవాళ్ళనూ అక్కడే చూశాను. అందుకే గదా బాబాయి చేతిని వెతుక్కున్నది.

ఆ పాఠం వినీ, సముద్రం దాటి వచ్చీ, పట్టిక గీసి, నలభై ఎనిమిది డాలర్లకు అమ్ముకున్నాను.

ఈసారి వరుస మార్చాను. మొదట ఐదు దుకాణాలకు ఫోను చేశాను, ధర అడగకుండా. ఈ కారు నట్లకు బిగింపు ఎంత, దేనితో బిగిస్తారు అని అడిగాను. ముగ్గురు వెంటనే ఒక అంకె చెప్పారు, మూడూ వేర్వేరు. ఒకాయన విసుక్కున్నాడు. అయిదో ఫోను ఆ అన్నదమ్ములదే. "నాకు జ్ఞాపకం లేదు, కారు వచ్చినప్పుడు పుస్తకం తీసి చూస్తాను" అన్నాడు పెద్దవాడు. జ్ఞాపకం లేదని చెప్పగలిగినవాడి చేతిలో నా చక్రం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. రెండో ప్రశ్న, జాకీ ఎక్కడ పెడతారు. మూడోది, పని జరుగుతుంటే నేను చూడవచ్చునా. బీమా నియమాల వల్ల లోపలికి రానివ్వం, కిటికీ దగ్గర నిలబడు అన్నాడు.

టైర్లు ఏవి కొనాలో కూడా అతనితోనే మాట్లాడాను. చలికాలం నడపను కనుక వేసవి టైర్లే చాలునన్నాడు. కానీ సుమారు ఏడు డిగ్రీల సెల్సియస్‌కు దిగువన వీటి రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది, ఏప్రిల్ ఉదయాల్లో జాగ్రత్త, గడ్డకట్టే చలిలో అసలు కదిలించకు, పగుళ్ళు రావచ్చు అన్నాడు. ఆ మాట ఏ పట్టికలోనూ ఒక గడి కాదు. తన దగ్గర ఆ రకం టైరు ధర నెట్‌లో కంటే చెరి పద్నాలుగు డాలర్లు ఎక్కువ, నెట్‌లో తెప్పించుకున్నా నాకు సమ్మతమే, ఎక్కించినదానికి నాది పూచీ అన్నాడు. నాలుగింటికి 56 డాలర్లు. అతని దగ్గరే కొన్నాను. మా మిత్రుడికి ఈ వాక్యం చదివితే కడుపులో తిప్పుతుంది, తెలుసు.

పోయిన శనివారం ఉదయం పని జరిగింది. రెండు గంటలు పట్టింది. మా అమ్మాయి ఇప్పుడు కారు నడుపుతోంది, అదీ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. తమ్ముడు హబ్బులు గీకాడు, అన్న టైర్ల తేదీలు బిల్లు మీద రాశాడు. నాలుగూ ఒకే వారం. చివర కారును నేల మీదికి దించి టార్క్ రెంచి పట్టుకున్నాడు. బిగింపు అందగానే అది టక్కుమంటుంది. ఆ టక్కులు అద్దం అవతలికి కూడా వినిపించాయి. అమ్మాయి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టి, "పదహారు, నాన్నా" అన్నది. వచ్చే బుధవారం మళ్ళీ రమ్మన్నాడు, యాభై మైళ్ళు నిండినా నిండకపోయినా.